మూఢంలో పెళ్ళి, గడువులో వీసా: బ్రిటన్‌లో పెళ్ళాడి అక్కడే ఉండాలనుకునేవాళ్ళకి

మాది కందుకూరు. ముత్తుకూరు ఫిషరీస్ కాలేజీలో బీఎఫ్ఎస్సీ అయ్యాక, 2022 సెప్టెంబరులో స్టిర్లింగ్ యూనివర్సిటీలో ఆక్వాకల్చర్ ఎమ్మెస్సీ చేద్దామని స్కాట్లండ్ వచ్చాను. రొయ్యల గురించి నాలుగు ముక్కలు నేర్చుకుని ఊరికి పోదామనుకున్నాను. సాల్మన్ చేపల కంపెనీలో ఉద్యోగం దొరికింది, ఆపైన ఒక వెటర్నరీ నర్సుతో పరిచయమైంది, ఇక్కడే ఆగిపోయాను. 2025 జూన్ 20న రిజిస్ట్రార్ ముందు పెళ్ళి చేసుకున్నాం. నవంబరులో నాకు స్పౌస్ వీసా (భార్యాభర్తలకిచ్చే వీసా) వచ్చింది.

అప్పట్నుంచి ముత్తుకూరు జూనియర్ల ఫోన్లు. వాళ్ళ స్నేహితులు కావలి నుంచి, ఒంగోలు నుంచి. "అన్నా, నీకెట్టా అయింది? మాకూ చెప్పు." ఒక్కొక్కళ్ళకీ గంటసేపు చెప్పేకన్నా ఒకసారి రాసిపెడితే మేలనిపించింది. నేను లాయర్ని కాదు. నాకు జరిగింది, నేను రూల్స్ చదివి తెలుసుకున్నది రాస్తున్నాను. ఫీజులన్నీ 2025 నాటివి. మీరు కట్టే ముందు బ్రిటన్ ప్రభుత్వ వెబ్‌సైటులో మళ్ళీ చూసుకోండి, ఏప్రిల్ వస్తే పెంచడం వాళ్ళకి అలవాటు.

అక్కడే ఉండి వేయాలా, ఇంటికొచ్చి వేయాలా

అన్నిటికన్నా ముందు తేల్చుకోవాల్సింది ఇది. బ్రిటిష్ పౌరుల్ని గానీ, అక్కడ శాశ్వత నివాసం ఉన్నవాళ్ళని గానీ చేసుకుంటే వీసాకి రెండు దార్లున్నాయి. మీరు అప్పటికే చదువు వీసా మీదో, గ్రాడ్యుయేట్ వీసా (చదువయ్యాక ఉద్యోగం చేసుకోవడానికిచ్చేది) మీదో, ఉద్యోగ వీసా మీదో అక్కడుంటే దేశం దాటకుండానే స్పౌస్ వీసాకి మారొచ్చు. లేదంటే ఇండియా నుంచి అప్లై చేసుకుని వెళ్ళాలి.

విజిటర్ వీసా మీద వెళ్ళినవాళ్ళకి అక్కడే మారే వీలు లేదు. మామూలు విజిటర్ వీసాతో పోయి పెళ్ళి చేసుకోవడమే కుదరదు. పెళ్ళికోసం మ్యారేజ్ విజిటర్ వీసా అని వేరే ఉంది, దాంతో పెళ్ళాడొచ్చు గానీ తిరిగి రావాల్సిందే. పెళ్ళి చేసుకోబోయేవాళ్ళకిచ్చే ఫియాన్సే వీసా అయితే ఆరు నెలలిస్తారు, పెళ్ళి చేసుకుని అక్కడే స్పౌస్ వీసాకి మారొచ్చు. కాకపోతే ఆ ఆరు నెలలూ ఉద్యోగం చేయకూడదు, ఫీజు రెండుసార్లు కట్టాలి. మా జూనియర్ ఒకడికి నెల్లూరులో ఒక కన్సల్టెన్సీ అతను "టూరిస్టు వీసా తీసుకో, అక్కడికిపోయి పెళ్ళి చేసుకుని కూర్చో, ఎవరూ ఏమనరు" అని సలహా ఇచ్చి, దానికీ డబ్బులడిగాడు. బ్రిటన్‌లో ఇమిగ్రేషన్ సలహా ఇవ్వాలంటే సొలిసిటర్, బారిస్టర్ లాంటి లాయరైనా అయ్యుండాలి, ఇమిగ్రేషన్ అడ్వైస్ అథారిటీ దగ్గర నమోదైనా అయ్యుండాలి. ఎవరికైనా డబ్బు ఇవ్వాల్సివస్తే ఆ రెండు రకాలవాళ్ళకే ఇవ్వండి.

(వేరే దేశాల్లో ఉన్నవాళ్ళు నా కథని అక్కడికి అతికించుకోకండి. అమెరికా ఫియాన్సే వీసా మీద వెళ్తే దిగిన 90 రోజుల్లో పెళ్ళి అయిపోవాలి. జర్మన్ పౌరుల భార్యాభర్తలకి మామూలుగా బయల్దేరే ముందే ఏ1 స్థాయి (భాషలో మొదటి మెట్టు) జర్మన్ రావాలి. ఏ దేశం లెక్క ఆ దేశానిదే.)

నేను అక్కడే ఉండి వేసుకున్నాను. జీతాల లెక్కే దానికి కారణం.

29,000 పౌండ్ల గోడ

2024 ఏప్రిల్ 11 నుంచి స్పౌస్ వీసాకి ఏడాదికి 29,000 పౌండ్ల ఆదాయం చూపించాలి. అంతకుముందు 18,600 ఉండేది. చాలామందికి తెలియని మెలిక ఒకటుంది. ఇండియా నుంచి అప్లై చేస్తే మీ జీవిత భాగస్వామి ఆదాయమొక్కటే లెక్కలోకొస్తుంది. మీకు ఒంగోల్లో లక్షన్నర జీతమున్నా అది సున్నా. అదే బ్రిటన్‌లో ఉద్యోగం చేసే అనుమతితో ఉండి అప్లై చేస్తే ఇద్దరి జీతాలూ కలుపుతారు.

మా ఆవిడ వారానికి నాలుగు రోజులే పనిచేస్తుంది, ఏడాదికి 22,600. నాది 26,500. కలిపితే గోడ సులభంగా దాటేశాం. నేను గనక కందుకూరు వచ్చేసి ఉంటే ఆవిడ జీతానికి 6,400 తక్కువ పడేది. ఆ తక్కువని పొదుపుతో పూడ్చొచ్చు, కానీ దాని సూత్రం వింటే కళ్ళు తిరుగుతాయి: తక్కువైనదాన్ని రెండున్నరతో గుణించి, దానికి 16,000 కలపాలి. మా లెక్కన 32,000 పౌండ్లు. అప్పటి రేటుకి దాదాపు ముప్పై ఏడు లక్షలు, ఆరు నెలలపాటు అకౌంట్లో కదలకుండా ఉండాలి. ఆదాయమే లేకుండా పూర్తిగా పొదుపు మీదే వెళ్తే 88,500 పౌండ్లు. అమ్మానాన్నలు ఇచ్చిన డబ్బు అయినా పరవాలేదు, అప్పు మాత్రం కాకూడదు. మా నాన్నకి ఈ లెక్క చెబితే కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అక్కడే ఉండి చేసుకో నాయనా" అన్నాడు.

జీతం చూపించడంలోనూ పేచీలున్నాయి. మామూలు ఉద్యోగస్తులకి తేలిక దారి ఏంటంటే ఒకే కంపెనీలో ఆరు నెలలు పనిచేసి ఉండటం: ఆరు పే స్లిప్పులు, ఆ జీతాలు పడినట్టు అవే నెలల బ్యాంకు స్టేట్‌మెంట్లు, కంపెనీ లెటరు. నేను అంతా తెలిసినట్టు 2025 మార్చిలో కంపెనీ మారాను. జీతం రెండు వేలు ఎక్కువ వస్తుందని. మారాక గానీ ఈ ఆరు నెలల సంగతి చదవలేదు. దాంతో ఆగస్టు జీతం పడేదాకా గోళ్ళు గిల్లుకుంటూ కూర్చోవాల్సొచ్చింది. ఏడాది మొత్తం ఆదాయం చూపించే ఇంకో పద్ధతి ఉంది గానీ దానికి కాగితాలు రెండింతలు. పెళ్ళి అనుకున్నవాళ్ళు వీసా వచ్చేదాకా ఉద్యోగం మారొద్దు.

కంపెనీ లెటర్లో మీరు ఏ ఉద్యోగంలో, ఎప్పట్నుంచి ఉన్నారు, జీతమెంత, ఆ జీతం ఎప్పట్నుంచి ఇస్తున్నారు, ఉద్యోగం పర్మనెంటా కాదా అన్నీ ఉండాలి. నాకు మొదటిసారి ఇచ్చినదాంట్లో పర్మనెంట్ అన్న మాటే లేదు. రెండోసారి అడగడానికి మొహమాటపడకండి. ఈ ఆదాయం కాగితాల్లో ఆఖరివి అప్లై చేసే తేదీకి 28 రోజుల్లోపువై ఉండాలన్నదీ మర్చిపోవద్దు.

క్యాలెండరు వెనక్కి తిప్పడం

ఇంట్లో పెళ్ళి మాట రాగానే పంచాంగం తీస్తారు. మీరు తీయాల్సింది మీ వీసా గడువు తేదీ. అక్కణ్ణుంచి వెనక్కి లెక్కపెట్టుకుంటూ రావాలి.

నా గ్రాడ్యుయేట్ వీసా 2025 నవంబరు 20 దాకా. అప్లికేషన్ అంతకుముందే పడాలి. గడువులోపు వేస్తే, జవాబు వచ్చేదాకా పాత వీసా హక్కులతోనే ఉండొచ్చు, ఉద్యోగం చేసుకోవచ్చు. ఒక్కరోజు దాటినా చిక్కే. ఆరో పే స్లిప్పు ఆగస్టు చివర్న వస్తుంది కాబట్టి సెప్టెంబరులో వేయాలి. దానికి ముందు పెళ్ళి సర్టిఫికెట్టు చేతికి రావాలి. దానికి ముందు పెళ్ళి. పెళ్ళికి ముందు నోటీసు.

స్కాట్లండ్‌లో నోటీసుకి ఎం10 అనే ఫారం ఉంటుంది, ఇద్దరూ చెరొకటి నింపి, పెళ్ళి జరిగే చోటి రిజిస్ట్రార్‌కి పంపాలి. చట్టం ప్రకారం కనీసం 29 రోజుల ముందు. కానీ ఒకరు బయటి దేశంవాళ్ళైతే విషయం హోం ఆఫీసుకి (వీసాలు చూసే ప్రభుత్వ శాఖకి) వెళ్తుంది. వాళ్ళకి అనుమానమొస్తే నోటీసు గడువుని 70 రోజులకి పెంచొచ్చు. అందుకే పది పన్నెండు వారాల ముందే పంపండి. మేము మార్చి చివర్లో పంపాం. ఆ 70 రోజుల లెక్క తేలకముందు హాలుకి అడ్వాన్సు కట్టకండి. ఇంగ్లండ్‌లో పద్ధతి వేరు, ఇద్దరూ రిజిస్టర్ ఆఫీసుకి స్వయంగా వెళ్ళి నోటీసివ్వాలి.

జూన్ 20 అని ఫోన్లో చెప్పగానే మా అమ్మ, "అదేందిరా, అప్పుడు గురు మూఢం గదా! ఆ వెంటనే ఆషాఢం. శ్రావణంలో పెట్టుకోకూడదా?" అంది. శ్రావణమంటే ఆగస్టు. ఆగస్టులో ఏ ఒక్క కాగితం ఆలస్యమైనా నా గడువు మీదకొస్తుంది. ఈ వివరమంతా చెప్పాను. అమ్మ రెండు రోజులు ఆలోచించి, "సంతకాలు పెట్టేదానికి మూఢమేముందిలే. పెళ్ళి మనూళ్ళో చేస్తాం" అని తనే దారి కనిపెట్టింది. ఇంతకన్నా మంచి పరిష్కారం ఏ సొలిసిటరూ ఇవ్వలేడు.

ఊరి నుంచి తెప్పించుకోవాల్సినవి

రిజిస్ట్రార్‌కి పాస్‌పోర్టు, బర్త్ సర్టిఫికెట్టు, ఇమిగ్రేషన్ స్థితి గురించిన డిక్లరేషన్ పంపాలి. వేరే దేశంవాళ్ళు పెళ్ళికి అడ్డంకి లేదని తమ దేశం నుంచి సర్టిఫికెట్టు తేవాలి, కానీ బ్రిటన్‌లో రెండేళ్ళకి పైగా ఉంటున్నవాళ్ళకి స్కాట్లండ్‌లో ఆ బాధ లేదు. నాకు రెండేళ్ళు నిండాయి కాబట్టి బతికిపోయాను. మీకు ఇరవై రెండు నెలలే అయితే, అవివాహిత ధ్రువీకరణ పత్రం కోసం తహశీల్దారు ఆఫీసు చుట్టూ తిరిగేకన్నా వీసా గడువు చూసుకుని పెళ్ళి రెండు నెలలు వాయిదా వేసుకోవడం నయం.

నన్ను ఏడిపించింది బర్త్ సర్టిఫికెట్టు. కందుకూరులో నర్సింగ్ హోంలో పుట్టాను. అప్పట్లో పుట్టిన వెంటనే మున్సిపాలిటీకి రాసి పంపేవాళ్ళు. బారసాల అయ్యాక మళ్ళీ పోయి పేరు రాయించేదెవరు? నా సర్టిఫికెట్టులో "పేరు" అన్న గడి ఖాళీ. నాన్న పేరు దగ్గర ఇంటిపేరుకి ఒక్క అక్షరం, చుక్క. ఆ కాగితం ప్రకారం పుట్టింది ఎవరైనా కావచ్చు. నాన్న నా పదో తరగతి మెమో, పాస్‌పోర్టు కాపీ, అఫిడవిట్టు పట్టుకుని మూడుసార్లు మున్సిపల్ ఆఫీసుకి తిరిగితే, మూడు వారాలకి పేరుతో కొత్త సర్టిఫికెట్టు వచ్చింది. మీరు ఇది చదువుతున్న రోజే ఇంటికి ఫోన్ చేసి మీ బర్త్ సర్టిఫికెట్టు ఫొటో తీసి పంపమనండి. పెళ్ళికూతురు తర్వాత దొరికినా పరవాలేదు.

ఇంకోటి, మా ప్రాంతం వాళ్ళకే వచ్చే తిప్పలు. నా బర్త్ సర్టిఫికెట్టులో ప్రకాశం జిల్లా. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు మార్చినప్పుడు కందుకూరు శ్రీ పొట్టి శ్రీరాములు నెల్లూరు జిల్లాలోకి పోయింది, దాంతో తర్వాతి కాగితాల్లో నెల్లూరు జిల్లా (2025 చివర్లో మళ్ళీ ప్రకాశంలోకే వచ్చింది). నాన్న పుట్టేనాటికి ఒంగోలు జిల్లా (తర్వాత ప్రకాశం అని పేరు మార్చారు) ఇంకా ఏర్పడలేదు, అది 1970లో వచ్చింది, కాబట్టి ఆయన పుట్టిందీ నెల్లూరు జిల్లాలోనే. మా ఇల్లు అంగుళం కదల్లేదు, జిల్లాలే మా ఇంటి మీదుగా అటూ ఇటూ నడిచాయి. రిజిస్ట్రార్ ఆఫీసావిడ మర్యాదగానే అడిగింది, మీరు ఇల్లు మారారా అని. జిల్లాల మార్పు తేదీ, ప్రభుత్వ ఉత్తర్వు సంగతి రాసి ఒక పేజీ వివరణ పెట్టాను. తర్వాత వీసా అప్లికేషన్‌లోనూ అదే పేజీ జతచేశాను. మీ ఊరు కూడా అటూ ఇటూ మారి ఉంటే, వాళ్ళు అడక్కముందే రాసి పెట్టేయండి.

పేర్ల గొడవ తెలుగువాళ్ళకి తప్పదు. మెమోలో పొట్టి అక్షరం, పాస్‌పోర్టులో పూర్తి ఇంటిపేరు. మా కంపెనీ జీతాల సాఫ్ట్‌వేరు నా పేరు పొడవు భరించలేక సగంలో కోసేసింది, పే స్లిప్పు మీద నేను "వెంకటసు". బ్యాంకులో పూర్తి పేరు. కంపెనీ లెటర్లో ఆ రెండూ ఒక్కడే అని ఒక వాక్యం రాయించుకున్నాను. ఇక మీ కాగితాల్లో ఏదైనా తెలుగులో మాత్రమే ఉంటే ఇంగ్లీషు అనువాదం కావాలి. దాని మీద అనువాదకుడి పేరు, సంతకం, తేదీ, ఫోనో అడ్రసో తప్పకుండా ఉండాలి.

ఇద్దరిలో ఎవరికైనా ముందు పెళ్ళై విడిపోయి ఉంటే కోర్టు ఇచ్చిన డిక్రీ చూపించాలి. మన పల్లెల్లో పెద్దమనుషుల్ని కూర్చోబెట్టి స్టాంపు పేపరు మీద విడుదల కాగితం రాసుకోవడం ఉంది కదా, దాన్ని నమ్ముకుని రిజిస్ట్రార్ దగ్గరికి వెళ్ళొద్దు. కనిగిరి వైపు అబ్బాయి ఒకడు ఇట్లాగే ఆగిపోయి, ఇప్పుడు కోర్టులో వేసుకున్నాడు.

ఆ రోజు

పెళ్ళిలో చట్టానికి సంబంధించిన భాగం ఇరవై నిమిషాలు. రిజిస్ట్రార్ మ్యారేజ్ షెడ్యూల్ అనే కాగితం టేబుల్ మీద పెట్టింది. మేమిద్దరం, ఇద్దరు సాక్షులు, ఆమె సంతకాలు చేయాలి. సాక్షులకి పదహారేళ్ళు నిండితే చాలు. జేబులోంచి పెన్ను తీయబోతే ఆపి, ఆ నల్ల సిరా పెన్నుతోనే చేయమని తనది ఇచ్చింది. నా పాస్‌పోర్టులో ఉన్నది తెలుగు సంతకం, ఇక్కడా అదే పెట్టాను. ఆమె కళ్ళజోడు సర్దుకుని ఆ అక్షరాల్ని చూసి, చాలా గుండ్రంగా ఉన్నాయంది. షెడ్యూల్ రిజిస్టర్ అయ్యాక సర్టిఫికెట్లు ఇస్తారు. రెండు మూడు తీసుకోండి, ఒకటి ఇండియా పనులకి అపోస్టిల్ (వేరే దేశంలో చెల్లేలా వేసే ప్రభుత్వ ముద్ర) చేయించుకోవడానికి పనికొస్తుంది.

బేలు మధ్యలో చెయ్యి

పెళ్ళి సర్టిఫికెట్టు ఉంటే చాలదు, మీది నిజమైన కాపురమని చూపించాలి. మా నాన్న పొగాకు రైతు. కందుకూరు వేలం కేంద్రంలో కొనేవాడు బేలు పైన పేర్చిన ఆకు చూసి ధర చెప్పడు, మధ్యలో చెయ్యి పెట్టి ఒక ఆకు లాగి చూస్తాడు. వీసా ఆఫీసరూ అంతే. పెళ్ళి ఫొటోలు పై ఆకు. లోపలి ఆకు ఏంటంటే ఇద్దరూ ఒకే అడ్రసులో ఉంటున్నట్టు ఇల్లు అద్దె ఒప్పందం, కౌన్సిల్ టాక్స్ (ఇంటి పన్ను) బిల్లు, కరెంటు బిల్లు, బ్యాంకు ఉత్తరాలు, డాక్టరు దగ్గర్నుంచి వచ్చిన అపాయింట్‌మెంటు లెటరు.

మా ఇంట్లో బిల్లులన్నీ ఆవిడ పేరు మీదే. పెళ్ళికి ముందు నేను చేపల ఫారం దగ్గర కంపెనీ క్వార్టర్లో ఉండి, సెలవులకే వచ్చేవాణ్ణి. పెళ్ళైన వారంలో కౌన్సిల్ టాక్స్‌లో నా పేరు చేర్పించాం, బ్యాంకు అడ్రసు మార్చాను, డాక్టరు దగ్గర రిజిస్టర్ అయ్యాను. సెప్టెంబరు నాటికి నా పేరుతో ఆ ఇంటికి వచ్చిన ఉత్తరాలు ఏడెనిమిది పోగయ్యాయి. అంతకుముందు ఎందుకు వేరేచోట్ల ఉన్నామో ఆవిడ తన మాటల్లో ఒక పేజీ రాసింది. చాటింగులు వందల పేజీలు పెట్టక్కర్లేదు. నెలకి ఒకటి రెండు, పరిచయమైన దగ్గర్నుంచి ఇప్పటిదాకా, తేదీలు కనిపించేలా చాలు. ఎవరో ఆఫీసరు మా సాంబారు గొడవలు చదవడమెందుకు?

ఇంగ్లీషు పరీక్ష కూడా ఉంది, మొదటి వీసాకి ఏ1 స్థాయి. బ్రిటన్‌లో డిగ్రీ చేసినవాళ్ళకి ఆ సర్టిఫికెట్టే సరిపోతుంది. ఇండియా నుంచి వేసేవాళ్ళకి టీబీ పరీక్ష అదనం, అది వాళ్ళు గుర్తించిన సెంటర్లోనే చేయించుకోవాలి.

నేను కట్టింది: అప్లికేషన్‌కి 1,321 పౌండ్లు, హెల్త్ సర్‌చార్జి (అక్కడి ప్రభుత్వ వైద్యం కోసం కట్టేది) ఏడాదికి 1,035 చొప్పున రెండున్నరేళ్ళకి 2,587.50. మొత్తం దాదాపు నాలుగున్నర లక్షల రూపాయలు. ఇండియా నుంచైతే 2025లో ఫీజు 1,938, సర్‌చార్జి 3,105.

ఎదురుచూపు

సెప్టెంబరు 12న అప్లికేషన్ వేశాను. అక్కడి నుంచి వేసేవాళ్ళకి మామూలుగా 8 వారాలు పడుతుంది. ఇంకో 500 పౌండ్లు కడితే ఐదు పని దినాల్లో, 1,000 కడితే మర్నాటికే చెప్పే సర్వీసులున్నాయి. తొందరేముంది, గడువులోపే వేశాం కదా అని కట్టలేదు.

జవాబు రాకముందు దేశం దాటితే అప్లికేషన్ వెనక్కి తీసుకున్నట్టే. ఐర్లండ్ దాకా పోవచ్చు, ఇండియా రాకూడదు. పాత వీసాకి ఇంకా గడువున్నా ఇదే రూలు. చదివినప్పుడు, మనం ఎక్కడికి పోతాంలే అనుకున్నాను.

అక్టోబరులో ఒక తెల్లవారుజామున తమ్ముడి ఫోను. నాయనమ్మ పోయింది. నన్ను పెంచింది ఆమే. అమ్మానాన్నలు పొగాకు బ్యారన్ల దగ్గర ఉండే రోజుల్లో నాకు అన్నం పెట్టి బడికి పంపింది ఆమె. ఇక్కడి అడ్వైజర్‌కి ఫోన్ చేశాం, ఏదైనా దారి ఉందా అని. పోతే మళ్ళీ ఇండియా నుంచి మొదటికి రావాలి, అప్పుడు ఆవిడ జీతమొక్కటే లెక్క. తమ్ముడు ఫోను పట్టుకుని చూపించాడు. వాడి చెయ్యి వణకడం వల్లో, అక్కడ సిగ్నల్ లేకో, బొమ్మ ఆగి ఆగి వచ్చింది. మా ఆవిడ పక్కన కూర్చుని నా తెలుగు ఏడుపుకి ఏం చెప్పాలో తెలియక వీపు నిమిరింది.

మీ ఇంట్లో పెద్దవాళ్ళు మంచంలో ఉంటే ఆ వెయ్యి పౌండ్లు కట్టండి, లేదా ఒకసారి వెళ్ళి చూసొచ్చాకే అప్లికేషన్ పంపండి.

నవంబరు మొదటి వారంలో ఈమెయిలు వచ్చింది. ఇప్పుడు కార్డులు లేవు, అంతా ఈవీసానే, ఆన్‌లైన్ అకౌంట్లో ఉంటుంది. ఆ అకౌంటు లాగిన్ మీ ఫోను, మీ ఈమెయిలు మీదే ఉండాలి. అమ్మాయిలకి ముఖ్యంగా చెప్తున్నా: భర్త ఎంత మంచివాడైనా పాస్‌పోర్టు, ఈ లాగిన్ మీ చేతిలో ఉంచుకోండి. గృహహింస వల్ల కాపురం చెడితే స్పౌస్ వీసా మీద ఉన్నవాళ్ళు సొంతంగా శాశ్వత నివాసానికి అప్లై చేసుకునే రూలు కూడా ఉంది.

నాలాగా అక్కడే ఉండి వేస్తే మొదటి వీసా రెండున్నరేళ్ళు. తర్వాత మళ్ళీ అదే ఫీజు, అవే కాగితాలు, ఈసారి ఇంగ్లీషు ఏ2. ఐదేళ్ళు నిండాక శాశ్వత నివాసం, దానికి 2025లో 3,029 పౌండ్లు, లైఫ్ ఇన్ ది యూకే పరీక్ష, 24 ప్రశ్నల్లో 18 రావాలి. 2025 ఫీజుల లెక్కన మొత్తం పన్నెండున్నర లక్షలవుతుంది. చదువు వీసా, గ్రాడ్యుయేట్ వీసాల మీద గడిపిన ఏళ్ళు ఈ ఐదేళ్ళలో కలవవు. ఆ తర్వాత పౌరసత్వం తీసుకుంటే ఇండియా పాస్‌పోర్టు వదులుకోవాలి, మనకి రెండు పౌరసత్వాలు లేవు. నేనింకా తేల్చుకోలేదు.

ఊళ్ళో పెళ్ళి

అమ్మ మాట ప్రకారం మూఢాలన్నీ అయ్యాక, ఫాల్గుణంలో ఒక శనివారం మాలకొండ నరసింహస్వామి గుడిలో తాళి కట్టాను. శనివారమే ఎందుకంటే ఆ గుడి తెరిచేది వారానికి ఆ ఒక్క రోజే. ఇక్కడ ఒక చట్టం సంగతి. హిందూ వివాహ చట్టం ఇద్దరూ హిందువులైతేనే వర్తిస్తుంది. మీ భాగస్వామి వేరే మతమైతే గుడిలో తాళి కట్టి, ఆ పెళ్ళినే కాగితం చేసుకుని వీసాకి పోదామంటే కుదరదు. అక్కడ రిజిస్టర్ పెళ్ళి కాకుండా మన దగ్గరే చేసుకోవాలనుకుంటే స్పెషల్ మ్యారేజ్ చట్టం కింద సబ్ రిజిస్ట్రార్ దగ్గర 30 రోజుల నోటీసిచ్చి చేసుకోవాలి, ఇద్దరిలో ఒకరైనా నోటీసుకి ముందు 30 రోజులు ఆ జిల్లాలో ఉండి ఉండాలి. మాకు ముందే స్కాట్లండ్‌లో అయిపోయింది కాబట్టి మాలకొండది అమ్మకోసం, బంధువులకోసం. దాన్ని మళ్ళీ ఎక్కడా రిజిస్టర్ చేయించలేదు. రెండు పెళ్ళి తేదీలతో రెండు సర్టిఫికెట్లుంటే ముందు ముందు ఎవడికో ఒకడికి వివరణ రాస్తూ కూర్చోవాలి.

మీ భాగస్వామికి ఓసీఐ కార్డు (వీసా లేకుండా ఇండియాకి వచ్చిపోయే కార్డు) కావాలంటే రిజిస్టరైన పెళ్ళికి రెండేళ్ళు నిండాలి. మా లెక్క జూన్ 20 నుంచి మొదలు, కాబట్టి 2027 జూన్ దాకా ఆగాలి. ఎక్కువకాలం ఇండియాలో ఉండాలనుకునే భార్యాభర్తలకి ఎంట్రీ వీసా ఉంది. మాకు పదిహేను రోజుల పనే కాబట్టి మా ఆవిడ ఈ-టూరిస్టు వీసా మీద వచ్చింది. ఓసీఐ వచ్చేదాకా ఎప్పుడొచ్చినా అంతే. నుదుట బాసికంతో, పసుపు పాదాలతో మాలకొండ మెట్లు దిగినావిడ మన ప్రభుత్వం లెక్కలో టూరిస్టే.